కుడికన్ను కార్డు

ములకలమెట్ట మండలంలో ఎవరి కన్ను అదిరినా, ఎవరి కాలి పిక్క అదిరినా, ఆ సంగతి ఇరవై నాలుగు గంటల్లో ప్రభుత్వానికి తెలిసి తీరాలని నిర్ణయం జరిగింది. ఇటువంటి నిర్ణయాలు ఊరికే జరగవు. జిల్లాలో ఒక పెద్ద అధికారిగారికి వరసగా మూడు రోజులు కన్ను అదిరింది. ఆయన పట్నంలో నరాల ఆసుపత్రికి వెళ్లి, మోకాలి మీద సుత్తితో కొట్టించుకుని, అరికాలి మీద గీయించుకుని, గొట్టంలాంటి మిషన్‌లో అరగంట పడుకుని వచ్చారు. ఏమీ లేదన్నారు. తనకేమీ లేదని తెలుసుకునే భాగ్యం తనకొక్కడికే దక్కితే ఎలా, పేదవాళ్ల సంగతేమిటి అని ఆయన మనసు కరిగింది. కరిగిన మనసులోంచి 'అదురు రహిత మండలం' అనే పథకం కారింది. దాన్ని ముందుగా ములకలమెట్టలో పెట్టారు. ఆ మండలంలో ప్రయోగాత్మకంగా మొదలైన పథకం ఏదీ ఇంతవరకూ ముగియలేదు కనుక అక్కడి సిబ్బందికి అలవాటు ఉంది.

ఆ పథకం గుమ్మంలోకి వచ్చేసరికి అనంతలక్ష్మి ఎనిమిది నెలల కూతుర్ని చంకనేసుకుని, పొయ్యి మీద పాలు పొంగకుండా ఊదుతోంది. పిల్ల పేరు ధన్విక. ఆ పేరు పిలవడం ఇంట్లో ఎవరికీ నోరు తిరక్క బుజ్జమ్మ అంటారు.

అనంతలక్ష్మికి ఇరవై నాలుగేళ్లు. ఎనిమిదో తరగతి మధ్యలో వాళ్లమ్మకు జబ్బు చేస్తే బడి మానేసింది. మానేసిన రోజుకి సామాన్యశాస్త్రంలో నాడీమండలం పాఠం సగమయింది. అందుచేత నరాలు ఎక్కడెక్కడ ఉంటాయో ఆమెకు తెలుసు. అవి ఏం చేస్తాయో మిగతా సగంలో ఉండేది. ఆ సగం కోసం ఈ మధ్య ఫోన్ వెతికింది. కన్నెందుకు అదురుతుందని అడిగితే, నిద్ర చాలక, టీ ఎక్కువై, బెంగ పెట్టుకుని, అని వరసగా చెప్పి, అట్టడుగున ఒక్క వాక్యంలో చేతులూ కాళ్లూ చచ్చుబడి మనిషే పోయే జబ్బొకటి ఉందని రాసింది. పై పదకొండు కారణాలూ ఆమె చదివిన వెంటనే మర్చిపోయింది. ఆ పన్నెండోది ముక్కున పట్టుకుంది. అప్పట్నుంచీ అంట్లు తోముతూ వేళ్లు ముడిచి తెరిచి చూసుకుంటోంది. బిందె ఎత్తేటప్పుడు ఏ చెయ్యి ముందు నొప్పెడుతోందో లెక్క పెట్టుకుంటోంది. తనకేమన్నా అయితే బుజ్జమ్మకి తల ఎవరు దువ్వుతారా అన్నది ఆమె బెంగ. బుజ్జమ్మకింకా దువ్వేంత జుట్టు రాలేదు. అది వేరే సంగతి.

"ఉన్నారా?" అంటూ ఆశా కార్యకర్త నాగవేణి లోపలికొచ్చి, సంచిలోంచి ఒక ఫారం తీసింది. "మీ ఇంట్లో ఎవరికన్నా, ఏదన్నా అదురుతుందా?"

అనంతలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. ఇరవై రోజులుగా ఈ మాట ఎవరన్నా అడుగుతారేమోనని చూస్తోంది. మొగుడికి చెబితే "టీ తగ్గించవే" అన్నాడు. అత్తగారికి చెబితే "కుడికన్నా? ఎవరేమంటారో జాగర్త" అంది. ఇప్పుడు ప్రభుత్వమే అడుగుతోంది.

"కుడికన్ను నాగవేణక్కా. కింద రెప్ప. కుడి పిక్క కూడాను. చీమ పాకినట్టు, పైనించి కాదు, లోపల్నించి."

"కుడి కన్ను, కుడి పిక్క," అని రాసుకుంది నాగవేణి. "ఎడంవైపేమన్నా ఉందా?"

అనంతలక్ష్మి ఒక్క క్షణం ఆగింది. ఎడమకన్ను సోమవారం అదిరింది. ఆ రోజే బుజ్జమ్మ చిగురులో మొదటి పన్ను బియ్యపుగింజలా కనిపించింది. ఆడదానికి ఎడమకన్ను అదరడమంటే మంచి జరుగుతుందని. అది తీసుకెళ్లి ఫారంలో ఎక్కిస్తే పన్నుకి దిష్టి తగలదూ?

"లేదక్కా," అంది.

"సత్తెమ్మగారూ, మీకండీ?"

అత్తగారు సత్తెమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. "నాకేం అదురుద్దమ్మా! గుండ్రాయిలాగున్నాను," అంది. ఆవిడ ఎడమకన్ను వారం రోజులుగా కొట్టుకుంటూనే ఉంది. పుట్టింటి నుంచి తమ్ముడొస్తాడని ఎదురు చూస్తోంది, అందుకే ఆ చింతపండు.

నాగవేణి వెళ్లిపోయాక అనంతలక్ష్మి అడిగింది. "అదేంటత్తయ్యా, మీకు వారం నించీ అదురుతుందన్నారుగా?"

"ఎడందే గదే! మంచి కబురు ఎవరన్నా గవర్మెంటుకి చెప్పుకుంటారా?"

మొగుడు వీరబాబు సామాన్ల ఆటో నడుపుతాడు. నాగవేణి అతన్ని స్టాండులో పట్టుకుంది. ఎడమ భుజం అదురుతోందని రాయించాడు. పొద్దున్న కుడికన్ను అదిరి, అదిరిన అరగంటకే కొబ్బరికాయల లోడు తగిలిన సంగతి మాత్రం మింగేశాడు. మగవాడికి కుడివైపు శుభం. శుభాలు చెప్పుకుంటే పోతాయి. సాయంత్రం ఇంటికెళ్లి నాగవేణి తన ఫారం తనే నింపుకుంది. ఆమెకి రెండు కళ్లూ అదురుతాయి. కుడిది రాసింది.

*

మండల అదురు నివారణాధికారి పేరు పంచాక్షరయ్యగారు. అంతకుముందు ఆయన చిన్ననీటి పారుదలలో ఉండేవారు. ఒళ్లంతా పారే నరాలు కూడా ఒక రకం పిల్లకాలవలే కదా అని ఆయన్ని ఇక్కడ వేశారు. ఆయన సమావేశంలో ఏం జరిగిందో మర్నాడు నాగవేణి అనంతలక్ష్మి అరుగు మీద కూర్చుని చెప్పింది.

"ఫారాలన్నీ కూడితే ఆడోళ్లు నాలుగొందల పన్నెండు మంది. అందరికీ కుడే. మగోళ్లు మూడొందల ఎనభై ఎనిమిది. అందరికీ ఎడమే. ఒక్కటంటే ఒక్కటి తేడా లేదు. ఆయన గ్రాఫు గీసుకుని దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు."

తిరిగి, పంచాక్షరయ్యగారు ఇలా సెలవిచ్చారట: "ప్రకృతియందు ఇంతటి క్రమశిక్షణ కాకతాళీయము కాజాలదు." ఆ వెంటనే అటెండరునీ, కంప్యూటరు దగ్గర కూర్చునే అమ్మాయినీ పిలిచి ఎదురెదురుగా నిలబెట్టారు. అటెండరు ఎడమకన్ను దగ్గర పురికొస ఒక కొన పట్టుకుని, రెండో కొన ఆ అమ్మాయి ముఖం వైపు లాగారు. కొస తిన్నగా వెళ్లి ఆమె కుడికన్నుకి తగిలింది. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. ఎదురుగా నిలబడితే మగవాడి ఎడమకి ఆడదాని కుడే వస్తుంది. ఇది మనిషి నుంచి మనిషికి ముఖాముఖీగా పాకే జబ్బని అలా తేలిపోయింది. దానికి 'ఎదురెదురు వ్యాప్తి సిద్ధాంతము' అని అక్కడికక్కడే పేరు కూడా పెట్టేశారు.

"మరి ఎడమది ఎవరూ చెప్పరని నువ్వన్నా చెప్పకపోయావా అక్కా?"

"ఎలా చెప్తానే? మూఢనమ్మకాల నిర్మూలన కూడా ఆయన చేతిలోనే ఉంది. మన మండలంలో ఎవరికీ ఏ నమ్మకాలూ లేవని పోయిన్నెలే మేమంతా సంతకాలెట్టి ఇచ్చాం. దానికి ఆయనకి శాలువా కూడా కప్పారు. ఇప్పుడు కన్నదిరితే శకునం అంటే, ఆ శాలువా ఎవరు విప్పుతారు?"

అనంతలక్ష్మికి ఆ సిద్ధాంతం తప్పని తెలుసు. కానీ తెలిసినంత మాత్రాన భయం పోతుందా? ఆమె బుజ్జమ్మని చూసింది. పిల్ల ఆమె ఎదురుగా, ఆమె ముఖంలోకే చూస్తూ నవ్వుతోంది. అనంతలక్ష్మి నెమ్మదిగా ముఖం పక్కకి తిప్పుకుంది.

*

మంగళవారం ఉత్తర్వులు వచ్చాయి. పంచాయతీ మైకులో చదివారు.

"అదురుగల వ్యక్తులు ఇతరులకు అభిముఖముగా నిలుచుట, కూర్చుండుట, సంభాషించుట నిషేధించడమైనది. దంపతులు సాధ్యమైనంతవరకు వీపులు ఆనించుకొని సంసార విషయములు చర్చించుకొనవలెను."

మొదట జనం నవ్వారు. తర్వాత జరిమానా ఉందని తెలిసి వీపులు తిప్పారు. కిరాణా కొట్టులో శెట్టిగారు గోడకేసి తిరిగి కందిపప్పు తూచడం మొదలుపెట్టారు. తూకం ఎవరికీ కనపడకపోయేసరికి ఆయన ఈ పథకాన్ని మనస్ఫూర్తిగా సమర్థించారు. బడిలో మాస్టారు బోర్డుకి ముఖం పెట్టి పాఠం చెప్పారు. ఆయన మునుపూ అంతే కాబట్టి అక్కడ మార్పేమీ రాలేదు. రామాలయం వీధిలో ఒక పెళ్లికి పంచాక్షరయ్యగారు స్వయంగా వెళ్లి, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వధూవరుల మధ్య తెర పట్టుకోవడం చూసి చలించిపోయారు. "అదురు నివారణ మన పూర్వీకులకు తెలియనిది కాదు. ఆ తెర ఎందుకనుకున్నారు?" అని ఉపన్యసించి, తెర దించకుండానే భోజనాల దాకా నడిపించారు. పిల్ల మొహం చూడకుండానే పెళ్లయిపోయిందని పెళ్లికొడుకు గొణుక్కుంటే, వాళ్ల తాతగారు "మేమూ అంతే" అని ఓదార్చారు.

అన్నిటికన్నా కష్టం వచ్చింది సత్తెమ్మకి. కోడలితో పోట్లాడాలంటే ఎదురుగా నిలబడాలి.

"ఇదిగో, ఇటు... ఆఁ, తిరక్కు, తిరక్కు! అటే ఉండు. పులుసులో ఉప్పెందుకెక్కువేశావే?"

"ఏంటత్తయ్యా? వినపళ్లేదు."

"పోనీలే," అని సత్తెమ్మ చతికిలబడింది. "మొహం కనపడకుండా తిడుతుంటే గోడని తిట్టినట్టుంది. రుచి లేదు."

ఆ మంగళవారం మైకులో ఏడో అంశం వచ్చేదాకా అనంతలక్ష్మి కూడా వీరబాబుతో కలిసి నవ్వింది.

"ఏడు. అదురుగల తల్లులు తమ శిశువులను ఎత్తుకొనరాదు. అట్టి శిశువులను ఫారములయందు అదురు లేదని నమోదైన వ్యక్తి మాత్రమే ఎత్తుకొనవలెను. ఎనిమిది. పాలిచ్చు సమయమున తల్లి, శిశువు అభిముఖముగా ఉండరాదు. ఆచరణ విధానము తదుపరి తెలియజేయబడును."

ఆ సాయంత్రమే నాగవేణి వచ్చి, వాళ్ల గుమ్మానికి ఎర్రకార్డు కట్టింది. దాని మీద ఒక కన్ను బొమ్మ, కుడిది. కింద 'తల్లి: అనంతలక్ష్మి, అదురు గలదు' అని రాసుంది. తర్వాత సంచిలోంచి పచ్చతాడుకి వేలాడే ఇంకో కార్డు తీసి, తల దించుకుని, సత్తెమ్మ మెడలో వేసింది. దాని మీద 'అధీకృత ఎత్తుకొనువారు' అని ఉంది.

"మీ ఇంట్లో అదురు లేదని రాయించుకుంది మీరొక్కరే సత్తెమ్మగారూ."

సత్తెమ్మ ఆ కార్డు తిప్పి తిప్పి చూసుకుంది. పెళ్లయి నలభై ఏళ్లలో ఆవిడకి ఇంత పెద్ద పదవి రాలేదు. "ఇటియ్యవే పిల్లని," అంది కోడలితో, గోడకేసి తిరిగి. అప్పుడు కూడా ఆవిడ ఎడమకన్ను టపటపా కొట్టుకుంటూనే ఉంది.

*

అనంతలక్ష్మి పిల్లని ఇచ్చేసింది. ఎవరూ లాక్కోలేదు. ఆమే ఇచ్చింది. ఉత్తర్వు తప్పని ఒక మనసు చెబుతుంటే, ఒకవేళ నిజమైతేనో అని రెండో మనసు అడిగేది. రెండో మనసుకే ఆమె ఎప్పుడూ జవాబు చెప్పుకోలేకపోయేది.

పాలిచ్చే విధానము తదుపరి ఎప్పటికీ తెలియజేయబడలేదు. అందుకని ఆమే ఒకటి కనిపెట్టింది. తుండుగుడ్డ మొహం మీద కప్పుకుని పాలిచ్చేది. బుజ్జమ్మకి అదొక ఆటనిపించింది. నాలుగు గుక్కలు తాగి, గుడ్డ పట్టుకుని లాగేది. "వద్దమ్మా, వద్దు తల్లీ" అని అనంతలక్ష్మి కళ్లు గట్టిగా మూసుకునేది. కళ్లు మూస్తే కుడిరెప్ప ఇంకా ఎక్కువ అదిరేది. మిగతా వేళల్లో పిల్ల నాయనమ్మ చంకలోంచి ముందుకు వంగి, రెండు చేతులూ చాపి, వీపు తిప్పుకున్న అమ్మని పిలిచేది. ఆ వయసు పిల్లలకి మాటలు రావు. కానీ ఆ అరుపుకి మాటలతో పనేముంది?

పన్నెండో రోజున నిద్రలో బుజ్జమ్మ ఎడమ పాదం చటుక్కున కదిలింది. రెండుసార్లు.

"ఏవండీ! లేవండి! పిల్లకొచ్చేసింది. ఎడంవైపు! నా కుడి, దాని ఎడమ!"

వీరబాబు లేచి కూర్చున్నాడు. అలవాటుగా పెళ్లానికి వీపు పెట్టి కూర్చున్నాడు. "దోమ కుట్టిందేమోనే."

"దోమ కుడితే రెండుసార్లు కదుల్తాదా?"

"రెండుసార్లు కుట్టిందేమో."

ఆమె ఏడుస్తుంటే అతను అటు తిరిగే చెయ్యి వెనక్కి చాపి, తడుముకుని, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "శనివారం క్యాంపు పెడతారంట. నరాల డాక్టరమ్మ వత్తుందంట. అదురు లేదని రాయించుకుంటే కార్డు తీసేత్తారు. నేను ఆటోలో దింపుతాను. ఏడవకు."

*

క్యాంపు మార్కెట్ యార్డు షెడ్డులో పెట్టారు. లైనులో అందరూ ఒకరి వీపు ఒకరు చూస్తూ నిలబడ్డారు. లైనంటే ఎప్పుడూ అంతే కాబట్టి అధికారులు కొత్తగా చెప్పాల్సిన పని లేకపోయింది. పిల్లని ఎత్తుకుని సత్తెమ్మ బయట వేపచెట్టు కింద కూర్చుంది, మెడలో కార్డు అందరికీ కనపడేలా సర్దుకుని.

పరీక్ష ఎలా ఉంటుందో అనంతలక్ష్మి తన ముందువాళ్లని చూసి తెలుసుకుంది. బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్లు వేలాడేయించి, డాక్టరమ్మ మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో చిన్నగా కొడుతుంది. కాలు ఎగురుతుంది. వెంటనే పక్కన కుర్చీలో రిజిస్టరు పట్టుకున్న పంచాక్షరయ్యగారు, "అదిరింది" అని రాసి, ఎర్రముద్ర వేస్తారు.

"అది అదరాలండీ," అంది డాక్టర్ సుభాషిణి. పొద్దున్నుంచీ చెప్పీ చెప్పీ ఆమె గొంతు పోయింది. "కొడితే కాలు లేవడం మంచి లక్షణం. లేవకపోతేనే చూడాలి."

"తమ అభిప్రాయము రిమార్కుల గడిలో రాయండి మేడమ్. మా వద్ద గడులు రెండే. అదిరినది, అదరనిది."

ఇంతలో ఒక ముసలాయనకి కాలు లేవలేదు. పంచాక్షరయ్యగారి ముఖం వెలిగింది. పచ్చముద్ర చేతిలోకి తీసుకున్నారు. డాక్టరమ్మ ఆయన చెయ్యి ఆపింది. "ఈయనకి షుగరుంది. నరాలు దెబ్బతిన్నాయి. ఈయన్నే పెద్దాసుపత్రికి పంపాలి."

"ఈయనొక్కరికే అదురు లేదు. ఈయన్నే ఆసుపత్రికంటారు. మేడమ్, తమరు పథకమునకు వ్యతిరేకముగా మాట్లాడుచున్నారు," అంటూనే ఆయన ముద్ర వేయకుండా బల్ల మీద పెట్టేశారు.

మధ్యాహ్నానికి నూట అరవై మందిని కొట్టారు. అదురు లేదన్న సర్టిఫికెట్ ఒక్కరికే వచ్చింది. ఆయన సెలవు మీద ఉండి పరీక్షకే రాని గుమస్తా. ఆయన పేరు పిలిచి, అయిదు నిమిషాలు ఖాళీ బల్లకేసి చూసి, 'అదురు కనిపించలేదు' అని రాసి, పచ్చముద్ర వేశారు.

అనంతలక్ష్మి వంతు వచ్చింది. బల్లెక్కి కూర్చుంది. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

"భయపడకు. ఎన్నాళ్ల నుంచి?" అంది డాక్టరమ్మ.

"నెల దాటిందండి. డాక్టరుగారూ, నాకదేనాండి? చేతులూ కాళ్లూ పడిపోయేది? నాకెంతకాలం ఉందో చెప్పేయండి. పిల్లకింకా మాటలు కూడా రాలేదు."

డాక్టరమ్మ సుత్తి కింద పెట్టింది. ఆమె వేళ్లు రెండు పట్టుకుని, "గట్టిగా నొక్కు," అంది. అనంతలక్ష్మి నొక్కింది. "అమ్మో! చాలు చాలు. గ్లాసులు జారుతున్నాయా? మెట్లెక్కుతుంటే కాలు మడత పడుతుందా?"

"లేదండి. రోజూ ఆరు బిందెలు మోత్తానండి."

"నిద్ర?"

"బుజ్జమ్మ పుట్టాక నిద్రేదండీ."

"టీ ఎన్నిసార్లు?"

అనంతలక్ష్మి తల దించుకుంది. "ఏడెనిమిదండి. నిద్రాపుకోడానికి."

"అదే నీ జబ్బు. అదురు అందరికీ ఉంటుందమ్మా. నాకూ ఉంది. మధ్యాహ్నం పిల్లని మీ అత్తగారికిచ్చి ఓ రెండు గంటలు పడుకో. టీ రెండుకి తగ్గించు. ఎప్పుడన్నా చేతిలో బలం తగ్గినట్టుంటే అప్పుడు రా. అదురుకి మాత్రం రాకు."

ఇరవై నాలుగేళ్ల జీవితంలో అనంతలక్ష్మితో ఎవరూ ఇంత మంచిగా పడుకోమని చెప్పలేదు.

"మేడమ్, ఉపన్యాసములు వలదు," అన్నారు పంచాక్షరయ్యగారు. "శిశువు గల తల్లులకు అదనపు పరీక్ష ఉన్నది. కళ్లు మూసుకొని, రెండు చేతులు ముందుకు చాపి, రెండు నిమిషములు నిశ్చలముగా ఉండవలెను. కదలనిచో పచ్చముద్ర. కదిలినచో ఎర్రకార్డు మరో ఆరు నెలలు పొడిగింపు."

ఆరు నెలలు! ఆరు నెలలకి బుజ్జమ్మ నడుస్తుంది. నడిచి ఎవరి దగ్గరికి వెళ్తుంది?

అనంతలక్ష్మి కళ్లు మూసుకుంది. చేతులు చాపింది. అటెండరు గడియారం చూసి "మొదలు" అన్నాడు. ఆమె ఊపిరి కూడా సగమే తీసుకుంది. పది, ఇరవై, ముప్పై అని లోపల లెక్క పెట్టుకుంటోంది. నుదుటి మీంచి చెమట కారి కుడికన్ను మీదకి దిగినా రెప్ప కదల్లేదు. నూట అరవై మందీ ఆమెనే చూస్తున్నారు. ఎనభై. తొంభై. పంచాక్షరయ్యగారి చెయ్యి తనకు తెలియకుండానే పచ్చముద్ర వైపు జరిగింది. నూట పది.

వేపచెట్టు కింద బుజ్జమ్మ ఏడ్చింది.

మామూలు ఏడుపు కాదు. చీమ కుట్టిన ఏడుపు. ఆ తేడా ప్రపంచంలో ఒక్కరికే తెలుస్తుంది. ఆ ఒక్కరూ బల్ల మీద లేరు. బల్ల కదిలింది, సుత్తి కింద పడింది, రిజిస్టరు తిరగబడింది, వరసలో ఇద్దరు పక్కకి తూలారు. జనం తేరుకుని చూసేసరికి అనంతలక్ష్మి వేపచెట్టు కింద, పిల్లని రెండు చేతులతో ఎత్తి, మొహంలో మొహం పెట్టి, "ఏదమ్మా? ఎక్కడమ్మా?" అంటోంది. బుజ్జమ్మ ఏడుపాపి, తల్లి ముక్కు పట్టుకుంది.

"అభిముఖము! బహిరంగముగా అభిముఖము!" అంటూ పంచాక్షరయ్యగారు పరుగెత్తుకొచ్చారు. "నూట పదో సెకనులో కదిలినావు! ఆ శిశువును తక్షణమే అధీకృత వ్యక్తికి అప్పగించు!"

అనంతలక్ష్మి అప్పగించలేదు. మొదటిసారి ఆయనకి ఎదురుగా తిరిగింది.

"ఏ అధీకృతమండీ? మా అత్తయ్యగారికి నెల్లాళ్లుగా ఎడంకన్ను అదురుతానే ఉంది. అడగండి!"

"ఒసే లక్ష్మీ!" అంది సత్తెమ్మ. అని, చుట్టూ చూసి, మెడలోని కార్డుని ఒకసారి నిమిరి, నిట్టూర్చింది. "ఆయ్, నిజమేనండి. అదిరింది. మా తమ్ముడు రాలేదనుకోండి. అయినా అదిరింది."

"మరి ఫారమునందు లేదని ఏల చెప్పితివి?"

"ఎడందండి బాబూ! మంచిదండి! మంచిది చెప్పుకుంటే పోదా?"

"నాకూ ఎడంది అదురుతాదండి, చెప్పలేదు," అంది వరసలోంచి ఒకామె. "నాకు కుడి," అన్నాడు కిరాణా శెట్టిగారు. "నాకూ", "నాకూను" అని షెడ్డంతా చేతులు లేచాయి. అందరికంటే చివర, అందరికంటే మెల్లగా, నాగవేణి చెయ్యి లేచింది.

పంచాక్షరయ్యగారు ఎత్తిన చేతులన్నీ చూశారు. పురికొస, గ్రాఫు, శాలువా ఆయన కళ్ల ముందు వరసగా తిరిగాయి. కానీ ఆయన పాతికేళ్ల సర్వీసు ఉన్న మనిషి.

"ఫారములు సమర్పించు గడువు ముగిసినది," అన్నారు. "గడువు దాటిన అదురులు పరిగణించబడవు. మేడమ్, ఈమె ఫలితము రాయండి. అదిరినదా? అదరలేదా?"

డాక్టరమ్మ కింద పడ్డ రిజిస్టరు ఎత్తి, దుమ్ము దులిపి, రిమార్కుల గడిలో నిదానంగా రాసింది. రాసి ఆయనకి ఇచ్చింది. ఆయన పైకి చదివారు.

"'బిడ్డ పిలిచింది. తల్లి పలికింది. నరములు చక్కగా పనిచేయుచున్నవి.'" ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇది ఏ గడి కిందకు వచ్చును?"

"అది మీరు చెప్పాలి."

పంచాక్షరయ్యగారు ఉత్తర్వుల పుస్తకం మొదట్నించి చివరిదాకా తిరగేశారు. పిలిచినచో పలుకువారి గురించి అందులో ఏమీ లేదు. అప్పుడాయన ఇటువంటి సమయాల్లో ప్రభుత్వం చేయగల ఏకైక పని చేశారు. "స్పష్టత నిమిత్తము ఈ ఫైలును పై అధికారులకు పంపడమైనది," అని చెప్పి రాసుకున్నారు. "నిర్ణయము వచ్చువరకు యథాతథ స్థితి కొనసాగవలెను."

"అంటే ఏంటండీ?" అంది అనంతలక్ష్మి.

"అనగా, ఈ క్షణమున ఏది ఎట్లున్నదో అది అట్లే ఉండవలెను. ఎవరును మార్చరాదు."

అనంతలక్ష్మి ఉన్నట్టే నిలబడి చూసుకుంది. ఈ క్షణమున బుజ్జమ్మ ఆమె చంకలో ఉంది. ముఖం ఆమె ముఖానికి ఎదురుగా ఉంది. ఒక చేత్తో ముక్కు పట్టుకుని, రెండో చేత్తో చెవి కోసం వెతుకుతోంది.

"ఆయ్," అంది. "అలాగేనండి. మార్చను."

*

ఆ ఫైలు ఇంకా రాలేదు. పథకం పెట్టిన పెద్ద అధికారిగారు అదే నెలలో ప్రమోషన్ మీద రాజధానికి వెళ్లిపోయారు. ఆ కబురు వినగానే సత్తెమ్మ చింతపండు గింజ తీస్తూ, "ఆయనకి అప్పుడు అదిరింది కుడికన్నే అయ్యుంటాది," అంది. వెళ్లేముందు ఆయన ములకలమెట్టని అదురు రహిత మండలంగా ప్రకటించి వెళ్లారు. లెక్కకి ఆధారం పచ్చముద్ర పడిన ఏకైక గుమస్తా. అర్హులైన వారిలో నూటికి నూరు శాతం అని చూపించారు. దానికి పంచాక్షరయ్యగారికి ఇంకో శాలువా వచ్చింది. ఈసారి ఆయన్ని ఎక్కిళ్ల మీద వేశారు.

అత్తాకోడళ్లు మళ్లీ ఎదురెదురుగా పోట్లాడుకుంటున్నారు. రుచి తిరిగొచ్చిందని సత్తెమ్మే ఒప్పుకుంది. మధ్యాహ్నం పూట రెండు గంటలు పిల్లని ఆవిడే ఎత్తుకుంటుంది, మెడలో పాత కార్డు వేసుకుని మరీ. అనంతలక్ష్మి పడుకుంటుంది. టీ మూడుకి దిగింది. రెండుకి దింపడం ప్రయత్నంలో ఉంది.

నిన్న మధ్యాహ్నం ఆమె అలా పడుకుని లేచేసరికి బుజ్జమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. గుమ్మం వదిలేసి, చేతులు రెండూ చాపి, ఊగుతూ, ఒక అడుగు వేసింది. ఆగి, ఇంకోటి వేసింది. ఎదురుగా, అమ్మ ముఖంలోకే చూస్తూ వచ్చి ఒళ్లో పడింది.

"ఏంటే ఆ నవ్వు? ఏమైందే?" అని సత్తెమ్మ వంటింట్లోంచి అడిగింది.

అంతకు అరనిమిషం ముందే అనంతలక్ష్మి ఎడమకన్ను అదిరింది.

"ఏం లేదత్తయ్యా," అంది.

ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.